టైమౌట్ అడగడం రాని కోచ్

మా హాస్టల్ టీవీ రూమ్‌లో ఎక్కడా రాసిపెట్టని రూల్ ఒకటుంది. సన్‌రైజర్స్ వరసగా రెండు మ్యాచ్‌లు ఓడిపోతే, మూడో మ్యాచ్ టాస్ పడేలోపు కోచ్‌ని పీకేయాలి. ఎవరు పీకాలి, ఎవర్ని తేవాలి అనేది తర్వాతి సంగతి. ముందు పీకేయాలి. బ్యాటర్ చెత్త షాట్ కొట్టి అవుటైతే కోచ్ తప్పు, బౌలర్ నోబాల్ వేస్తే కోచ్ తప్పు, ఆ రాత్రి మెస్‌లో సాంబారు నీళ్లలాగా ఉన్నా దాదాపు కోచ్ తప్పే. నేనూ అరిచినవాణ్ణే. కాబట్టి ఈ వ్యాసాన్ని ఎవరికో నీతి చెప్పడానికి రాయట్లేదు.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కొత్తగా కోచ్ అయినవాడు పని చేస్తూనే పని నేర్చుకుంటాడు, అలా నేర్చుకోవడానికి ఒక ఫీజు ఉంటుంది, ఆ ఫీజుని ఎవరో ఒకరు ఓటముల రూపంలో కట్టాల్సిందే. మనం "అనుభవం ఉన్న కోచ్ కావాలి" అన్నప్పుడల్లా నిజానికి అంటున్నది "ఆ ఫీజు ఇంకెవరైనా కట్టేసి ఉండాలి, ఫలితం మాత్రం మాకు రావాలి" అని. (నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంత పొడుగు తెలుగు పదో తరగతి పరీక్ష తర్వాత మళ్ళీ ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుందని ధైర్యం.)

ముందు మనందరికీ తెలిసిన కేసు చూద్దాం. బ్రయాన్ లారా.

టెస్టుల్లో 400 కొట్టిన ఒకే ఒక్కడు. 2022 సీజన్‌కి సన్‌రైజర్స్‌కి బ్యాటింగ్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో టామ్ మూడీ స్థానంలో హెడ్ కోచ్‌ని చేశారు. హెడ్ కోచ్‌గా ఐపీఎల్‌లో అది అతనికి మొదటి ఉద్యోగం. కొత్త కెప్టెన్ మార్‌క్రమ్. 13.25 కోట్లు పెట్టి కొన్న హ్యారీ బ్రూక్. 2023 సీజన్ ఎలా పోయిందో మళ్ళీ గుర్తుచేయడం నాకూ బాధే. 14 మ్యాచ్‌ల్లో 4 గెలుపులు, పది జట్లలో పదో స్థానం. బ్రూక్ ఈడెన్ గార్డెన్స్‌లో ఒక సెంచరీ కొట్టాడు, మిగతా సీజనంతా కలిపి ఆ సెంచరీకి సమానంగా కూడా చేయలేదు. బ్యాటింగ్ ఆర్డర్ మారుతూ ఉండేది. ఉమ్రాన్ మాలిక్‌ని సగం సీజన్ బయట కూర్చోబెట్టారు, ఎందుకో చూసేవాళ్ళకెవరికీ అర్థం కాలేదు.

ఆ ఎండాకాలం నేను ఇంటర్ ఫస్టియర్ అయిపోయి మార్కాపురంలో ఇంట్లో ఉన్నా. మా ఊరి ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటికి పోయే ప్రశ్నే లేదు. కూలర్ ముందు కూర్చుని ప్రతి మ్యాచ్ చూశా, ప్రతి మ్యాచ్‌కీ లారాని తిట్టా. ఆగస్టులో లారాని తీసేసి డేనియల్ వెట్టోరిని పెట్టారని తెలియగానే మా కజిన్స్ గ్రూపులో మొదటి మీమ్ నాదే.

తర్వాత ఏం జరిగింది? 2024లో ముంబయి మీద 277, బెంగళూరు మీద 287, ఆ తర్వాత ఫైనల్. ఫైనల్లో 113కే అవుటయ్యారు, అది వేరే కథ. టీవీ రూమ్ మొత్తం తీర్పు ఇచ్చేసింది: చూశారా, కోచ్‌ని మారిస్తే ఇలా ఉంటుంది!

నేనూ అదే అనుకున్నా చాలా రోజులు. అయితే ఒక సెమిస్టర్ సెలవుల్లో ఏమీ తోచక వెట్టోరి పాత రికార్డు చూశా. అక్కడ నాకు కొంచెం గట్టిగానే తగిలింది. 2014 జనవరిలో బెంగళూరు జట్టు వెట్టోరిని హెడ్ కోచ్‌గా తీసుకుంది. అప్పటికి అతను అంతర్జాతీయ క్రికెట్ నుంచి రిటైర్ కూడా కాలేదు, 2015 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ తరఫున బౌలింగ్ చేశాడు. అంటే లారా కన్నా పచ్చి కొత్తవాడు. మొదటి ఏడాది బెంగళూరు ఏడో స్థానం. రెండో ఏడాది మూడో స్థానం. మూడో ఏడాది ఫైనల్, అందులో 8 పరుగులతో ఓడింది. ఎవరి చేతిలో? మన సన్‌రైజర్స్ చేతిలోనే. నాలుగో ఏడాది అట్టడుగు, కోల్‌కతా మీద 49కి ఆలౌట్ అయింది ఆ సీజన్‌లోనే. ఐదో ఏడాది ఆరో స్థానం. 2018 ఆగస్టులో పంపించేశారు.

ఐదు సీజన్లు! ఒక ఇంజనీరింగ్ డిగ్రీ కంటే ఒక ఏడాది ఎక్కువ. ఆ ఐదేళ్ళలో వెట్టోరి పొరపాట్లు చేశాడు, వాటికి బెంగళూరు అభిమానులు ఏడ్చారు, తిట్టారు, మీమ్‌లు వేశారు. అంటే వెట్టోరి ఫీజు బెంగళూరు కట్టింది. సర్టిఫికెట్ పట్టుకుని మనోడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. లారా ఫీజు మనం ఒక ఏడాది కట్టి, సీటు క్యాన్సిల్ చేసుకుని, కట్టిన డబ్బు వదిలేసుకుని వచ్చేశాం.

లారా రెండో ఏడాది ఇరగదీసేవాడని నేను నిరూపించలేను. బహుశా మళ్ళీ పదో స్థానమే వచ్చేదేమో. 2024లో కమిన్స్ వచ్చాడు 20.50 కోట్లకి, ట్రావిస్ హెడ్ వచ్చాడు. వాళ్ళు లారా చేతిలో ఉంటే ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు, అదే అసలు పాయింట్. రెండు వేరియబుల్స్ ఒకేసారి మార్చి అవుట్‌పుట్ బాగుంటే ఏ వేరియబుల్ వల్ల బాగుందో చెప్పలేం కదా. ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌కి అలా చెప్తే మార్కులు వేస్తారా? టీవీ రూమ్‌లో మాత్రం వేస్తాం.

ఇప్పుడు నా కేసు. దీన్ని రాయాలా వద్దా అని వారం ఆలోచించా.

2019లో నేను ఎనిమిదో తరగతి, మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో. స్కూలుకి సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. బ్రోషర్‌లో ఫొటో కోసం కట్టారని మా నాన్న అనేవాడు. రెండు బోర్డుల్లో ఒకదానికి రింగు వంగి ఉండేది, నెట్లు లేవు. ఆ ఏడాది జూన్‌లో మాకు కోచ్ వచ్చాడు. అప్పుడే బీపీఈడీ పూర్తి చేసిన కుర్రాడు, గిద్దలూరు వైపు ఊరు. పొద్దున్నే రైలెక్కి కంభం, తర్లుపాడు దాటి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, అక్కణ్ణించి ఆటోలో వచ్చేవాడు. జీతం తీసుకుని కోచింగ్ చేయడం ఆయనకి అదే మొదలు. మాకు అప్పుడు ఆ సంగతి పట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఇరవై నాలుగేళ్ళవాడు కూడా పెద్దాయనే.

మా వైపు కబడ్డీ అంటే ఎవరైనా ఆడతారు, వాలీబాల్ అంటే ప్రతి ఊళ్ళో రెండు కర్రలు పాతి ఉంటాయి. బాస్కెట్‌బాల్ కొత్త. సార్‌కి మాకు అర్థమయ్యేలా చెప్పడానికి బోర్డు కూడా లేదు. మా మేనమామ పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు, నేను రెండు పెద్ద పలకలు తెచ్చిచ్చా. అంచులు చెక్కని, ఫ్రేమ్ లేని ముడి పలకలు. సార్ వాటి మీద సుద్దముక్కతో కోర్టు గీసి, చుక్కలు పెట్టి, ఎవరు ఎటు పరిగెత్తాలో బాణాలు గీసేవాడు. చెరిపి మళ్ళీ గీసేవాడు. చాలాసార్లు గీస్తూ గీస్తూ ఆగిపోయి, "ఆగండ్రా, ఇది కుదర్దు" అని తనే చెరిపేసేవాడు. మాకు నవ్వొచ్చేది. సార్‌కే రాదు, మనకేం నేర్పుతాడు అని వెనకాల అనుకునేవాళ్ళం.

నవంబర్‌లో ఒంగోలులో స్కూళ్ళ మధ్య టోర్నీ. మొదటి మ్యాచ్‌లోనే అవతలి టీమ్‌లో అందరూ మాకన్నా జానెడు పొడుగు. మేము మ్యాన్ టు మ్యాన్ డిఫెన్స్ ఆడుతున్నాం, వాళ్ళు మా నెత్తి మీద నుంచి వేసేస్తున్నారు. సార్ సైడ్‌లైన్ దగ్గర నిలబడి రెఫరీ వైపు చేతులు ఊపుతున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే టైమౌట్ రెఫరీని అడగరు, స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్ళి అడగాలి. అది ఆయనకి తెలిసిన విషయమే అయ్యుంటుంది, ఆ టెన్షన్‌లో గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది గానీ, సెకండాఫ్‌కి దాచుకుందామని ఆగాడు. బాస్కెట్‌బాల్‌లో ఫస్టాఫ్‌కి రెండు టైమౌట్లు, సెకండాఫ్‌కి మూడు. ఫస్టాఫ్‌లో వాడుకోనివి సెకండాఫ్‌కి రావు, మురిగిపోతాయి. మొబైల్ డేటాలాగా అన్నమాట. ఆ రెండూ మురిగిపోయాయి. ఈలోగా మేము పద్నాలుగు పాయింట్లు వెనక.

ఇంకో పని కూడా చేశాడు. బెంచి మీదున్న అందర్నీ దించాడు. బస్సులో అంత దూరం వచ్చాం కదా, ఒక్కడు కూడా ఆడకుండా వెళ్ళకూడదని. అలా దిగినవాళ్ళలో నేనొకణ్ణి. నాలుగు నిమిషాలు ఆడానేమో. ఎడమ చేత్తో డ్రిబుల్ రాదు నాకు. రెండుసార్లు బంతి పోగొట్టా, రెండుసార్లూ వాళ్ళు లేఅప్ వేసేశారు. చిత్తుగా ఓడిపోయాం.

సోమవారం ప్రాక్టీస్‌కి సార్ పలక తీసుకొచ్చి మధ్యలో పెట్టి అందర్నీ చుట్టూ కూర్చోమన్నాడు. నేను ఎడమ చేతి గురించి తిడతాడనుకుని వెనక కూర్చున్నా. ఆయన మా ఎవ్వరి పేరూ ఎత్తలేదు. "టైమౌట్లు దాచుకోవడం నా తప్పు. మ్యాన్ టు మ్యాన్ ఆడించడం నా తప్పు, మీ హైట్‌కి జోన్ ఆడించాల్సింది. ఇదిగో, జోన్ ఇట్టా నిలబడాలి" అని గీయడం మొదలుపెట్టాడు. రెండు గంటలు అదే.

నేను ఇంటికెళ్ళి ఇదంతా చెప్పా. అప్పటికే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో గోల నడుస్తోంది. ఫీజులు అంత కడుతుంటే అనుభవం లేనోణ్ణి తెచ్చి పెట్టారని. మా నాన్న చేతిరాత బాగుంటుందని ప్రిన్సిపాల్‌కి ఇచ్చే లెటర్ ఆయన్ని రాయమన్నారు. నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, "మీ సారు ఏమేం తప్పులు చేశాడో చెప్పరా" అన్నాడు. నేను ఒక్కోటీ చెప్పా. టైమౌట్ అడగడం రాదు. డిఫెన్స్ ఏది ఆడించాలో తెలీదు. ఆడరానివాళ్ళని దించాడు. ఆడరానివాళ్ళలో నేనున్నానని చెప్పలేదు. చివర్లో ఇంకో పాయింట్ కూడా నేనే అందించా: "ఆయనే ఒప్పుకున్నాడు నాన్నా, తన తప్పేనని." ఆ ముక్క లెటర్‌లో యథాతథంగా వెళ్ళింది. కోచ్ స్వయంగా తన తప్పిదాన్ని విద్యార్థుల ముందు అంగీకరించారు, అని. టీమ్‌లో పిల్లలతో కూడా సంతకాలు పెట్టించారు. నాది మూడోది.

డిసెంబర్ నుంచి ఆయన రాలేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఇంకొకాయన వచ్చాడు. మాతో రౌండ్లు కొట్టించి, జనవరి 26కి మార్చ్‌పాస్ట్ చేయించాడు. మార్చిలో కరోనా. బాస్కెట్‌బాల్ అక్కడితో సరి.

ఆ లెటర్‌లో అన్నీ నిజాలే, అబద్ధం ఒక్కటి లేదు. అది ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెట్టే విషయం. తప్పుల లిస్టు కరెక్టే, మేము తీసిన అర్థమే తప్పు. ఓడిన మూడో రోజుకే ఏం తప్పు చేశాడో కనుక్కుని, ఒప్పుకుని, దాన్ని సరిచేసే డ్రిల్ మొదలుపెట్టినవాణ్ణి, ఆ ఒప్పుకోవడాన్నే సాక్ష్యంగా పెట్టి పంపించేశాం. అలాంటి చోట తర్వాత వచ్చే కోచ్ ఏం నేర్చుకుంటాడు? తప్పు ఒప్పుకోకూడదని నేర్చుకుంటాడు. రౌండ్లు కొట్టిస్తే ఎవరూ లెటర్ రాయరని నేర్చుకుంటాడు.

పెద్ద లెవెల్లో కూడా ఇదే ఆట నడుస్తుంది. ఎన్‌బీఏ చూసేవాళ్ళకి జేజే రెడిక్ గుర్తుంటాడు. పదిహేను సీజన్లు ఆడాడు, తర్వాత టీవీలో, పాడ్‌కాస్టుల్లో ఆట గురించి మాట్లాడేవాడు. కోచింగ్ అనుభవం అంటే తన పిల్లల టీమ్‌కి కోచింగ్ చేయడమే. అలాంటివాణ్ణి 2024 జూన్‌లో లేకర్స్ హెడ్ కోచ్‌ని చేసింది, లెబ్రాన్ జేమ్స్ ఉన్న టీమ్‌కి. అమెరికాలో ఎంత నవ్వారో చెప్పలేం. మొదటి సీజన్లో 50 గెలుపులు, 32 ఓటములు, వెస్ట్‌లో మూడో స్థానం. ఆహా అనుకునేలోపు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మిన్నెసోటా చేతిలో 4-1తో ఓటమి. అందులో నాలుగో గేమ్‌లో సెకండాఫ్ మొత్తం, ఇరవై నాలుగు నిమిషాలూ, అవే ఐదుగురిని ఆడించాడు. ఒక్క సబ్‌స్టిట్యూషన్ లేదు. లెబ్రాన్‌కి అప్పటికి నలభై ఏళ్ళు! ఆఖర్లో 116-113తో ఓడారు.

మా సార్ అందర్నీ దించాడు, రెడిక్ ఎవర్నీ దించలేదు. రెండూ కొత్త కోచ్ చేసే తప్పులే. ఒకడు అందరి మనసూ చూస్తాడు, ఇంకొకడు ఎవర్నీ నమ్మలేడు. బెంచిని ఎప్పుడు ఎంత వాడాలనేది ఏ బీపీఈడీ సిలబస్‌లోనూ, ఏ పాడ్‌కాస్ట్‌లోనూ రాదు, మ్యాచ్ జరుగుతూ ఉండగా చేయి కాల్చుకుంటేనే వస్తుంది. తర్వాతి గేమ్‌కి ముందు ఒక విలేకరి దీని గురించే అడిగితే రెడిక్‌కి చిరాకొచ్చి అక్కణ్ణించి వెళ్ళిపోయాడు. ఆ విషయంలో మా గిద్దలూరు సారే బెటర్. కానీ లేకర్స్ ఏం చేసింది? తీసేయలేదు. కొన్ని నెలల తర్వాత కాంట్రాక్ట్ పొడిగించింది. అతను గొప్ప కోచ్ అవుతాడో లేదో ఇంకా తేలలేదు, తేలేదాకా ఆగుదామనుకున్నారు, అంతే.

మయామీ కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా కథ మన సీఎస్ఈ వాళ్ళకి ఇంకా నచ్చుతుంది. 1995లో ఆ టీమ్ వీడియో రూమ్‌లో చేరాడు, మ్యాచ్ టేపులు కట్ చేసే పని. 2008లో హెడ్ కోచ్ అయ్యాడు. 2011 ఫైనల్లో అంతమంది స్టార్లని పెట్టుకుని డల్లాస్ చేతిలో ఓడిపోతే పీకేయమని గోల. పీకలేదు. 2012, 2013 రెండేళ్ళూ టైటిల్ వాళ్ళదే.

ఇక్కడ మా రూమ్మేట్ ఒక ప్రశ్న వేశాడు, అది న్యాయమైన ప్రశ్నే. "మరి డెక్కన్ ఛార్జర్స్ సంగతేంటి?" అన్నాడు. 2008లో ఛార్జర్స్ 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఆఖరు. కోచ్‌ని మార్చి డారెన్ లేమన్‌ని తెచ్చారు. లేమన్ కూడా అప్పటికి కొత్త కోచే. 2009లో కప్పు కొట్టేశారు. కొత్తవాడైనా మొదటి ఏడాదే గెలవొచ్చు కదా, మరి ఓపిక ఎందుకు?

గెలవొచ్చు. గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయి, రోహిత్ శర్మ కుర్రాడిగా టీమ్‌లో ఉండి, సీజన్ మొత్తం దక్షిణాఫ్రికా పిచ్‌ల మీద జరిగితే ఇంకా ఈజీగా గెలవొచ్చు. అదే లేమన్ చేతిలో ఛార్జర్స్ 2011లో, 2012లో ఎక్కడున్నారో కూడా చూడాలి, టేబుల్ కింది భాగంలో వెతికితే దొరుకుతారు. మొదటి ఏడాది కప్పు వచ్చినందుకు గొప్ప కోచ్ అనేయడం, మొదటి ఏడాది ఆఖరు వచ్చినందుకు పనికిరాడనడం, రెండూ ఒకే రకం తొందరపాటు. ఒక్క డేటా పాయింట్‌తో గీత గీయడం.

ఇంకో ప్రశ్న: ఎన్నాళ్ళు ఆగాలి? ఎల్లకాలమూ ఆగమని నేను అనట్లేదు. బెంగళూరు కూడా ఐదేళ్ళ తర్వాత వెట్టోరిని పంపించింది, అది అన్యాయమని నేననుకోను. నా లెక్కలో గెలుపోటములకన్నా ముందు చూడాల్సింది, ఇవాళ చేసిన తప్పు నిన్నటి తప్పేనా, కొత్త తప్పా అని. కొత్త తప్పులు చేస్తున్నాడంటే పాతవి దాటాడని అర్థం. అదే తప్పు మూడోసారి చేసి మూడోసారి కూడా అంపైర్‌నీ పిచ్‌నీ పిల్లల్నీ అంటున్నాడంటే, అప్పుడు లెటర్ రాయండి, నేనూ సంతకం పెడతా. మా సార్ విషయంలో రెండో మ్యాచ్ చూడనేలేదు మేము.

ఈ విషయంలో మన జిల్లాకి ఒక హక్కుంది. పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. (ఇప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి పోయిందని తెలుసు, అయినా వదలం.) 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి అని అందరికీ గుర్తు. 2006లో జాతీయ కోచ్ అయినప్పుడు ఆయన వయసు ముప్ఫై మూడు కూడా నిండలేదు. సొంత ఇల్లు తాకట్టు పెట్టి కట్టిన గచ్చిబౌలి అకాడమీ 2008లో మొదలైంది. అదే ఏడాది బీజింగ్‌లో సైనా క్వార్టర్ ఫైనల్లో ఆగిపోయింది. ఒలింపిక్ పతకం వచ్చింది 2012 లండన్‌లో, కాంస్యం. సింధు రజతం 2016లో. మధ్యలో 2014లో సైనా ఆయన్ని వదిలి బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ దగ్గర శిక్షణ తీసుకుంది, తర్వాతి ఏడాది ప్రపంచ నంబర్ వన్ కూడా అయింది. గోపీచంద్ పని అయిపోయిందని ఎవరైనా అప్పుడు తీర్పు ఇచ్చి ఉంటే, ఏడాదిన్నరలో రియోలో తీర్పు మార్చుకోవాల్సి వచ్చేది.

2006 నుంచి 2012, ఆరేళ్ళు. మన టీవీ రూమ్ లెక్కలో ఆరేళ్ళంటే కనీసం నలుగురు కోచ్‌లు.

తెలుగు టైటాన్స్‌ని చూడండి, మా వైపు కబడ్డీ పిచ్చి ఎక్కువ కాబట్టి చెప్తున్నా. మూడు సీజన్లు వరసగా ఆఖరి స్థానం. అప్పుడు కోచ్‌లు మాత్రం మారుతూనే వచ్చారు.

అసలు మనకి ఈ విషయంలో ఓపిక లేకపోవడం నాకు వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇంకో రెండేళ్ళలో మనమందరం కొత్త కోచ్‌లమే. ప్లేస్‌మెంట్ సీజన్‌లో సీనియర్లు ఏం తిడుతున్నారో వినండి. ఫ్రెషర్ పోస్టు అంటాడు, రెండేళ్ళ అనుభవం అడుగుతాడు, అనుభవం ఎవడిస్తే వస్తుంది అన్నా అని. కరెక్ట్ మాట. ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం ఎవరో ఒకరు ప్రొడక్షన్ డేటాబేస్‌లో చేయకూడని పని చేస్తారు. ఆ రోజు పక్కనున్న సీనియర్ నవ్వి, "పర్లేదు, బ్యాకప్ ఉంది, ఎలా రీస్టోర్ చేయాలో చూపిస్తా" అనాలని కోరుకుంటాం. అదే మనం రాత్రికి టీవీ ముందు కూర్చుని ఒక కొత్త కోచ్ మూడో మ్యాచ్‌లో తప్పు చేస్తే పీకేయమంటాం. బ్యాకప్ మనకి మాత్రమే కావాలి.

మొన్న సంక్రాంతికి మా అత్త వాళ్ళ ఊరు వెళ్ళి వస్తూ గిద్దలూరు బస్టాండులో దిగా. టీ కొట్టు దగ్గర ఒకాయన నా వైపే చూస్తున్నాడు. మెడలో విజిల్ లేదు, కొంచెం లావయ్యాడు, గుర్తుపట్టడానికి టైం పట్టింది. ఆయన మాత్రం ముందే గుర్తుపట్టాడు.

"ఏరా, పలకలు తెచ్చిచ్చినోడివి కదా నువ్వు? ఎట్టున్నావు?"

నమస్తే సార్ అన్నా. కాళ్ళు ఆడలేదు. లెటర్ సంగతి ఆయనకి తెలుసా, అందులో నా సంతకం చూశాడా, అవేవీ అడిగే ధైర్యం లేదు. ఆయనే టీ చెప్పాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక స్కూల్లో చేస్తున్నాడట, ఈసారి అమ్మాయిల టీమ్. ఆరో ఏడాది. ఏం చదువుతున్నావు, హాస్టల్లో తిండి ఎట్టుంది అని అడిగాడు. నేను తల వంచుకునే సమాధానాలు చెప్తున్నా. ఉన్నట్టుండి, "సార్, అప్పుడు ఒంగోలు మ్యాచ్‌లో..." అన్నా. తర్వాత మాట రాలేదు.

ఆయన నవ్వాడు. "అది మర్చిపోతానా! ఇప్పుడు మూడో నిమిషంలోనే టైమౌట్ అడుగుతున్నారా. ముందు టేబుల్ ఎక్కడుందో చూసుకుని, ఆ పక్కనే నిలబడతా."

బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే వెనక నుంచి పిలిచి అడిగాడు.

"ఎడమ చెయ్యి వచ్చిందా?"

రాలేదు సార్ అన్నా.